చెడిపోయిన కాయితాలు

గడియారం సెంటర్ల మా జిరాక్సు దుకాణంల
రోజుకు ఇరవై ముప్పై కాయితాలు చెడిపోతయి.
ఒకటి వంకరగ పడుతది, ఒకటి నల్లగ మాడుతది,
ఒకదాంట్ల సర్వే నంబరు సగంల తెగుతది.
వాటి వీపులు మాత్రం తెల్లగనే ఉంటయి.
అక్కడ గీస్తున్న, రెండేండ్ల సంది.

మొదలు గుట్టను గీసిన.
షట్టరు ఎత్తంగనే కనవడే లతీఫ్ సాబ్ గుట్ట,
నల్లగొండల పుట్టినదాన్ని,
అది ఎట్లుంటదో నాకొకరు చెప్పాల్నా అనుకున్న.
గీసినంక చూస్తె బోర్లించిన గంప.
మల్ల గీసిన.
మల్ల గంపనే.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి
బస్టాండు వెనక హోటల్ల నలుగురం కూసుంటం.
మఖ్బూల్ భాయి, ఫ్లెక్సీలు రాకముందు
బజార్ల సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే.
పుట్టపాక నుంచి ఫస్ట్ బస్సుకొచ్చే భారతమ్మ,
చిటికి కట్టే మనిషి, గళ్ల కాయితం లేకుంటే పెన్సిలు ముట్టదు.
పాలిటెక్నిక్ పిలగాడు ఉపేందర్, జేబుల స్కేలు.
నేను, జిరాక్సు సువార్తను.
మాకు ఒక్కటే కట్టుబాటు:
"బాగుంది" అన్నోళ్లు అందరికి చాయ్ తాగియ్యాలె.
ఇప్పటిదాంక ఎవ్వరి చాయ్ వాళ్లే తాగుతున్నం.

చాయ్ గిలాసల నడుమ నా గుట్టను పరిచిన.
మఖ్బూల్ భాయి కండ్లద్దాలు నెత్తిమీదికి జరిపి
"బేటీ, నువ్వు గుట్టను గీయలే,
గుట్ట అనే పేరును గీసినవ్.
నలభై ఏండ్లు పేర్లు రాసినోన్ని, నాకు ఎరుకైతది" అన్నడు.
ఆ పూట అన్నం తినబుద్ధి కాలే.

భారతమ్మ పోతపోత బస్సు మెట్టు మీద ఆగి చెప్పింది:
"రంగు తాకొద్దన్న కాడ కట్టుడే మా పని బిడ్డా.
తెలుపును మేము ఎయ్యం, కాపాడ్తం.
నువ్వు రాళ్లను ఇడిసిపెట్టు.
రెండు రాళ్ల నడుమ సందుల మొగులు ముక్క ఉంటది సూడు,
దాన్ని గీయి."

సోమారం సందు గీసిన. మంగళారం సందు.
మిషను వేడెక్కే రెండు నిమిషాలల్ల సందు.
పహాణీ నకలుకొచ్చిన ముసలాయన ముక్కుకు, పెదిమెకు నడుమ సందు.
కరెంటు పోతె అందరు తిట్టుకుంటరు,
నాకు పండుగ.

కోపాలు రాలేదని కాదు.
"అక్కా, మీ గుట్ట మీద పొద్దు రెండు దిక్కుల పొడుస్తదా?"
అని ఉపేందర్ నవ్విన నాడు
కాయితం గుంజుకొని లేచొచ్చిన,
రెండు ఆదివారాలు ఆ సందు మొఖం చూడలే.
మూడో వారం దుకాణంల కూసోని చూస్తె నిజమే,
పొద్దున మొదలువెట్టి మాపటికి ముగిస్తున్న,
ఎడమకొక నీడ, కుడికొక నీడ.
పిలగానికి ఒక రబ్బరు కొనుక్కపోయి ఇచ్చిన.
ఏమీ అనలే, వాడూ ఏమీ అనలే.

ఒకసారి మఖ్బూల్ భాయి గడియారం కమాను గీసి తెచ్చిండు.
గీతలు వెంట్రుక తేడా లేవు.
నాకు నోరు పెగలలే, అయినా అన్న:
"భాయ్, మనుషులు నేల మీద నిలబడలే."
ఆయన శానసేపు చూసిండు. చాయ్ మీద మీగడ కట్టింది.
"సచ్ హై. నేను వాళ్లను ఎన్నడూ
నిచ్చెన మీదికెల్లే చూసిన" అన్నడు.

మొన్న నా గుట్టను మల్ల పరిచిన.
ఇది నూటపదో, నూటపన్నెండో, లెక్క తప్పిన.
భారతమ్మ ఒక పగులు మీద వేలు పెట్టింది,
తియ్యలే.
కాయితం ఎత్తి వెలుగుకు పట్టింది,
రాళ్ల కిందికెల్లి ఎవరిదో పేరు, రెండెకరాల ఏడు గుంటలు
తిరగబడ్డ అచ్చరాలల్ల కనవడ్డయి.
"ఎవరి చెలకనో పాపం, ఇంత గుట్ట మోస్తున్నది" అన్నది.
ఎవ్వరి చాయ్ వాళ్లే తాగినం.

తెల్లారి మిషన్ల కాయితం ఇరికింది.
వరుసల నిలబడ్డాయన "అయ్యో, పాడాయె" అన్నడు.
ఆయనకు ఇంకోటి తీసిచ్చి, దీన్ని పక్కకు పెట్టుకున్న.
వీపు ఇంకా వేడిగనే ఉన్నది.